డెబియన్ బూట్ మధ్యలో ఆగిపోతోంది, గ్రబ్‌లో ఏం మార్చి చూడాలి?

సగంబూట్
అందరికీ నమస్కారం. డెస్క్‌టాప్‌లో డెబియన్ 12 లినక్స్ వాడుతున్నాను. నిన్నటిదాకా బాగానే ఉంది. ఈరోజు ఆన్ చేస్తే లోగో దగ్గర చాలాసేపు ఆగి, తర్వాత నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో "యూ ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్" అని వస్తోంది. దాని కిందే "కెనాట్ ఓపెన్ యాక్సెస్ టు కన్సోల్, ద రూట్ అకౌంట్ ఈజ్ లాక్‌డ్" అని, ఎంటర్ నొక్కమని ఉంది. నొక్కితే కాసేపు ఏదో చేసి మళ్ళీ అక్కడికే వస్తోంది.

గ్రబ్ (ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే బూట్‌లోడర్) మెనూ మాత్రం కనిపిస్తోంది. అక్కడ 'ఈ' నొక్కి బూట్ ఆప్షన్లు మార్చొచ్చని విన్నాను కానీ ఎప్పుడూ ముట్టుకోలేదు. ఏదైనా తప్పు టైప్ చేస్తే ఇప్పుడున్నది కూడా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. రీఇన్‌స్టాల్ చేయకుండా బయటపడే దారి ఉందా?

మెరుపువేగం
బ్రో, గ్రాఫిక్స్ డ్రైవర్లని తెర జోలికి రానివ్వని నోమోడ్‌సెట్ ఆప్షన్ పెట్టి చూడు. కాకపోతే దాంతోపాటు పవర్, ఇంటరప్ట్‌లకి సంబంధించిన ఏసీపీఐ=ఆఫ్, నోఏపిక్, నోలాపిక్ కూడా పెట్టెయ్. నా పాత లాప్‌టాప్ ఈ నాలుగూ పెడితేనే లేచింది.

పాతకెర్నల్
ఒక్క నిమిషం ఆగండి. తెర మీద అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, సిస్టమ్‌డీ (కెర్నల్ లేచాక మిగతావన్నీ మొదలుపెట్టే ప్రోగ్రామ్) తన మాట తాను చెబుతోంది. అంటే గ్రాఫిక్స్ పని చేస్తోంది, కెర్నల్ లేచింది, రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఫైళ్ళున్న భాగం) దొరికింది. ఇక్కడ నోమోడ్‌సెట్‌కి పనే లేదు. ఎమర్జెన్సీ మోడ్‌లో పడిందంటే చాలాసార్లు ఏదో ఒక మౌంట్ (డిస్క్ భాగాన్ని ఒక ఫోల్డర్‌కి తగిలించడం) ఫెయిలైందని అర్థం. ఏది ఫెయిలైందో ముందు చూద్దాం. మీ లోగో ఆ సంగతిని దాచేస్తోంది.

సగంబూట్ గారూ, మీ భయం గురించి ముందు. గ్రబ్ డిస్క్ మీద ఉన్న తన కాన్ఫిగ్ ఫైలును చదివి మెమరీలో పెట్టుకుంటుంది. మీరు 'ఈ' నొక్కి మార్చేది ఆ మెమరీలో ఉన్నదాన్నే. ఫైలు చెక్కు చెదరదు. తప్పు రాస్తే ఆ ఒక్కసారికి బూట్ కాదు, అంతే. పవర్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే పాత లైనే ఉంటుంది. రాస్తుండగా అనుమానం వస్తే ఎస్కేప్ నొక్కండి, మార్పు వదిలేసి మెనూకి వెళ్ళిపోతుంది.

ఇప్పుడు చేయాల్సింది. మెనూలో మొదటి ఎంట్రీ మీద ఉండి 'ఈ' నొక్కండి. పది పన్నెండు లైన్లు వస్తాయి. చాలావాటితో మనకు పని లేదు. "లినక్స్" అనే మాటతో మొదలయ్యే లైను వెతకండి. అందులో /బూట్/వీఎంలినజ్ అని కెర్నల్ పేరు, రూట్=యూయూఐడీ అని పొడుగాటి నంబరు (డిస్క్ భాగాన్ని గుర్తుపట్టేది), ఆర్‌ఓ, చివర్లో "క్వయట్ స్ప్లాష్" లాంటివి ఉంటాయి. లైను పొడుగైతే తెర చివర బ్యాక్‌స్లాష్ గుర్తు పెట్టి కింద కొనసాగిస్తుంది. అది చూపించడానికే, దాన్ని చెరపకండి. కర్సర్ ఆ లైను మీద పెట్టి కంట్రోల్-ఈ నొక్కితే చివరికి వెళ్తుంది. క్వయట్, స్ప్లాష్ రెండూ చెరిపేయండి. రూట్= జోలికి వెళ్ళొద్దు. దాని కింద ఇనిట్ఆర్‌డీ అని ఇంకో లైను ఉంటుంది, చాలామంది పొరపాటున ఆప్షన్లు అక్కడ రాస్తారు. అది కాదు.

తర్వాత కంట్రోల్-ఎక్స్ లేదా ఎఫ్10. ఎంటర్ నొక్కితే బూట్ కాదు, కొత్త లైను పడుతుంది.

ఆగే ముందు వచ్చే లైన్లు ఫోన్‌తో ఫోటో తీసి, ఎర్రగా కనిపించినవి ఇక్కడ రాయండి.

సగంబూట్
చేశాను. థాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. లైన్లు గబగబా పైకి పోయాయి. తర్వాత ఒక దగ్గర ఆగి "ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్ ఫర్ /డెవ్/డిస్క్/బై-యూయూఐడీ/..." అని, పక్కన సెకన్లు లెక్కపెడుతోంది, చివర 1 నిమిషం 30 సెకన్లు అని ఉంది. అది అయిపోగానే "టైమ్‌డ్ ఔట్", దాని కింద వరసగా "డిపెండెన్సీ ఫెయిల్డ్ ఫర్ /ఎంఎన్‌టీ/డేటా", "డిపెండెన్సీ ఫెయిల్డ్ ఫర్ లోకల్-ఎఫ్‌ఎస్.టార్గెట్". ఆ తర్వాత ఎమర్జెన్సీ.

లాగ్‌చదువరి
ఇంకేం, జవాబు తెర మీదే ఉంది. ఈ మధ్య కంప్యూటర్ లోంచి డిస్క్ ఏదైనా తీశారా? లేదా పార్టిషన్ ఫార్మాట్ చేశారా?

సగంబూట్
తీశాను! పాత రెండో హార్డ్ డిస్క్‌ని వేరే మెషీన్‌లో పెట్టాను. సిస్టమ్ మొత్తం ఎస్‌ఎస్‌డీ మీదే ఉంది కదా, డేటా డిస్క్ తీస్తే బూట్ ఎందుకు ఆగుతుంది?

లాగ్‌చదువరి
బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో రాసి ఉండే /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఆ డిస్క్ లైను ఇంకా ఉంది కాబట్టి. ఎఫ్‌స్టాబ్‌లో మామూలుగా రాసిన ప్రతి మౌంట్‌నీ సిస్టమ్‌డీ 'ఇది తప్పనిసరి' అనే అనుకుంటుంది. ఆ యూయూఐడీ ఉన్న డిస్క్ కోసం 90 సెకన్లు ఎదురుచూస్తుంది. రాకపోతే లోకల్-ఎఫ్‌ఎస్.టార్గెట్ (లోకల్ మౌంట్లన్నీ పూర్తయ్యాయనే మెట్టు) ఫెయిల్, అది ఫెయిలైతే ఎమర్జెన్సీ మోడ్. అది డేటా డిస్కో, అందులో మీ డేటాబేస్ ఉందో దానికి తెలీదు. సగం ఫైళ్ళు లేకుండా లేచి కథ పాడుచేయడం కన్నా ఆగిపోవడమే మేలనుకుంటుంది. నాకైతే ఆ పద్ధతి సబబే అనిపిస్తుంది.

మెరుపువేగం
సరే, మౌంట్ సమస్యే అన్నమాట. మరి రూట్ లాక్ అయితే ఎఫ్‌స్టాబ్ ఎలా మారుస్తాడు? లైవ్ యూఎస్‌బీ పెట్టుకోవాల్సిందేగా?

పాతకెర్నల్
లైవ్ యూఎస్‌బీ ఉంటే అదీ దారే, తప్పేం లేదు. కానీ గ్రబ్ మెనూ చేతిలో ఉన్నప్పుడు అవసరం రాదు.

ముందు ఆ మెసేజ్ సంగతి. డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే, రూట్ (అడ్మిన్) ఖాతా లాక్ అయి మీ యూజర్‌కి సుడో (రూట్ హక్కులతో కమాండ్ నడిపే వీలు) వస్తుంది. రోజువారీ వాడకానికి మంచిదే. కానీ ఎమర్జెన్సీ షెల్ (కమాండ్లు కొట్టే చోటు) రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. లేని పాస్‌వర్డ్ ఎవరిస్తారు? అందుకే తలుపు దగ్గరే తిరుగుతున్నారు.

నేను ఏళ్ళుగా వాడేది "ఇనిట్=/బిన్/బ్యాష్". లినక్స్ లైను చివర దీన్ని రాస్తే, కెర్నల్ సిస్టమ్‌డీకి బదులు నేరుగా బ్యాష్ అనే షెల్‌ని మొదలుపెడుతుంది. పాస్‌వర్డ్ అడిగేవాడే ఉండడు. అదే లైనులో "ఆర్‌ఓ" అని ఉన్నచోట "ఆర్‌డబ్ల్యూ" అని మార్చుకోండి. లేకపోతే రూట్ ఫైల్‌సిస్టమ్ చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది, ఎడిటర్‌లో సేవ్ కాదు. మార్చడం మరిచిపోతే లోపలికి వెళ్ళాక "మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /" కొట్టినా సరిపోతుంది.

ఇందులో రెండు గమనించాలి. "నో జాబ్ కంట్రోల్ ఇన్ దిస్ షెల్" అని వస్తే కంగారుపడొద్దు, అది మామూలే. రెండోది, పని అయ్యాక "ఎగ్జిట్" కొట్టకండి. ఆ బ్యాషే మొదటి ప్రాసెస్. అది పోతే కెర్నల్ "అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్" అని పానిక్ అవుతుంది. "రీబూట్" అన్నా వినదు, ఎందుకంటే ఆ మాట వినాల్సిన సిస్టమ్‌డీ అక్కడ లేదు. "సింక్" కొట్టి, "ఎగ్జెక్ /ఎస్‌బిన్/ఇనిట్" అంటే అక్కడి నుంచే మామూలు బూట్ సాగుతుంది. రీబూటే కావాలంటే సింక్ తర్వాత "రీబూట్ -ఎఫ్ఎఫ్", ఎఫ్ రెండుసార్లు.

లాగ్‌చదువరి
పాతకెర్నల్ గారూ, ఆ పద్ధతి పనిచేస్తుంది గానీ కొత్తవాళ్ళకి కాస్త మోటు. సిస్టమ్‌డీ లేకుండా వెళ్తే సర్వీసులుండవు, మిగతా మౌంట్లుండవు, సరిగ్గా ఆపే దారీ ఉండదు.

సగంబూట్ గారూ, మీ సందర్భానికి ఇంకోటి ఉంది. క్వయట్, స్ప్లాష్ తీసేసిన చోట ఇది రాయండి:

"సిస్టమ్‌డీ.సెట్ఎన్వ్=సిస్టమ్‌డీ_సులాగిన్_ఫోర్స్=1"

మొదటి సమానం గుర్తు దాకా చిన్న అక్షరాలు, తర్వాత 1 దాకా అన్నీ పెద్ద అక్షరాలు. రూట్ లాక్ అయి ఉంటే పాస్‌వర్డ్ అడగకుండా ఎమర్జెన్సీ షెల్‌ని తెరవమని దీని అర్థం. ఆ 90 సెకన్లు ఎలాగూ ఆగాలి, కానీ ఈసారి ఎంటర్ నొక్కితే లోపలికి వెళ్తారు. సిస్టమ్‌డీ బతికే ఉంటుంది కాబట్టి జర్నల్, రీబూట్ అన్నీ మామూలుగా పనిచేస్తాయి.

ఆగడం విసుగైతే "సిస్టమ్‌డీ.డీబగ్-షెల్" అని రాయొచ్చు. బూట్ మొదట్లోనే తొమ్మిదో కన్సోల్‌లో రూట్ షెల్ తెరుచుకుంటుంది, కంట్రోల్-ఆల్ట్-ఎఫ్9 నొక్కి వెళ్ళొచ్చు. ఎమర్జెన్సీ దాకా కూడా రాకుండా మధ్యలో ఎక్కడో వేలాడిపోయే మెషీన్లకు ఇది చాలా ఉపయోగం. ఏ జాబ్ దగ్గర ఆగిందో "సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-జాబ్స్" కొట్టి అక్కడికక్కడే చూడొచ్చు.

పాతకెర్నల్
ఒప్పుకుంటున్నా, ఈయనకి సులాగిన్ పద్ధతే నయం. సిస్టమ్‌డీయే చెడిపోయిన రోజున మాత్రం నా బ్యాష్ కావాలి. 🙂

గొళ్ళెం
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా గ్రబ్‌లో ఒక లైను మార్చి రూట్ అయిపోవచ్చని ఇంత తేలిగ్గా చెబుతున్నారు. ఇది భద్రతా లోపం కాదా? నలుగురూ వాడే మెషీన్లలో ఏం చేయాలి?

పాతకెర్నల్
లోపం అనలేం. మెషీన్ ముందు కూర్చున్న మనిషి డిస్క్ ఊడదీసి వేరేచోట పెట్టి కూడా చదవగలడు. గ్రబ్ ఎడిట్ ఆపినంత మాత్రాన అది ఆగదు. నిజంగా కాపాడేది డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే లక్స్. రూట్ పార్టిషన్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ఇనిట్=/బిన్/బ్యాష్ రాసినా ముందు పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది.

నలుగురూ వాడే చోట గ్రబ్‌కి పాస్‌వర్డ్ పెట్టొచ్చు. గ్రబ్-ఎంకేపాస్‌వర్డ్-పీబీకేడీఎఫ్2 అనే కమాండ్‌తో హ్యాష్ తయారుచేసి, కాన్ఫిగ్‌లో సూపర్‌యూజర్స్ లైనుతో పాటు పెట్టాలి. మామూలు ఎంట్రీకి "--అన్‌రిస్ట్రిక్టెడ్" ఇవ్వడం మరవకండి. అది లేకపోతే రోజూ బూట్‌కే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇస్తే బూట్ అందరికీ, 'ఈ' నొక్కడం మాత్రం మీకు. దాంతోపాటు ఫర్మ్‌వేర్‌లో యూఎస్‌బీ బూట్ ఆపకపోతే ఇదంతా వృథా.

ఇంకా చర్చించాలంటే వేరే పోస్టు పెట్టండి గొళ్ళెం గారూ, ఇక్కడ సగంబూట్ గారి పని కావాలి.

నల్లతెర
నాదీ బూట్ సమస్యే కాబట్టి ఇక్కడే అడుగుతున్నా, తిట్టకండి. ఉబుంటు. మొన్న అప్‌డేట్‌లో కొత్త కెర్నల్ వచ్చింది. అప్పటి నుంచి బూట్ అయ్యాక తెర నల్లగా ఉండిపోతోంది, కర్సర్ కూడా లేదు. ప్రొప్రైటరీ గ్రాఫిక్స్ డ్రైవర్ వాడుతున్నాను. మీరంతా చెప్పే గ్రబ్ మెనూ నాకు కనిపించనే కనిపించదు.

మెరుపువేగం
దీనికైతే నోమోడ్‌సెట్ అనొచ్చా? 😀

పాతకెర్నల్
అనొచ్చు తమ్ముడూ, దీనికి సరిగ్గా అదే.

నల్లతెర గారూ, ఉబుంటు ఒక్కటే ఉన్న మెషీన్‌లో మెనూ దాగి ఉంటుంది. యూఈఎఫ్‌ఐ (కొత్త రకం ఫర్మ్‌వేర్) మెషీన్ అయితే కంపెనీ లోగో పోయిన వెంటనే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. పాత బయోస్ అయితే షిఫ్ట్ నొక్కిపట్టుకోండి. ఎస్కేప్ పదేపదే కొడితే మెనూ దాటిపోయి "గ్రబ్>" అనే ప్రాంప్ట్‌లో పడతారు. పడితే "నార్మల్" అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, వెంటనే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి.

మెనూ వచ్చాక ఏదీ ఎడిట్ చేయకముందే "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్"లోకి వెళ్ళి పాత కెర్నల్‌తో బూట్ చేసి చూడండి. దాంతో లేస్తే సమస్య కొత్త కెర్నల్‌కీ డ్రైవర్‌కీ మధ్య ఉందని తేలిపోతుంది.

నల్లతెర
వావ్, పాత కెర్నల్‌తో మామూలుగా లేచింది! కొత్తదానికి నోమోడ్‌సెట్ రాసి చూశాను, దాంతోనూ లేచింది. కానీ అక్షరాలు పెద్దగా, మసకగా ఉన్నాయి. వీడియో ప్లే చేస్తే తడబడుతోంది. ఇక దీన్నే పర్మనెంట్‌గా పెట్టేసుకోనా?

లాగ్‌చదువరి
వద్దు. నోమోడ్‌సెట్ అంటే కెర్నల్‌లోని గ్రాఫిక్స్ డ్రైవర్లు తెర మోడ్ జోలికి వెళ్ళొద్దని చెప్పడం. అప్పుడు ఫర్మ్‌వేర్ ఇచ్చిన సాదా ఫ్రేమ్‌బఫర్ మీద బొమ్మ గీస్తారు. యాక్సిలరేషన్ ఉండదు, చాలాసార్లు సరైన రిజల్యూషన్ కూడా రాదు. అందుకే వీడియో తడబడుతోంది. దాన్ని లోపలికి వెళ్ళి బాగుచేసుకోవడానికి వాడుకోండి, వెళ్ళాక తీసేయాలి.

టెర్మినల్ తెరిచి "డీకేఎంఎస్ స్టేటస్" కొట్టండి. మీ డ్రైవర్ మాడ్యూల్ డీకేఎంఎస్‌తో (ప్రతి కెర్నల్‌కీ డ్రైవర్‌ని మళ్ళీ కట్టే టూల్) బిల్డ్ అయ్యేదైతే, కొత్త కెర్నల్ పక్కన "ఇన్‌స్టాల్డ్" అని ఉండాలి. పాత కెర్నల్‌కి మాత్రమే ఉంటే కొత్తదానికి మాడ్యూల్ తయారవలేదని అర్థం. దీనికి ఎక్కువగా కనిపించే కారణం కెర్నల్ హెడర్లు (ఆ బిల్డ్‌కి కావాల్సిన ఫైళ్ళు) లేకపోవడం.

నల్లతెర
అవును, పాత కెర్నల్‌కే ఉంది. లినక్స్-హెడర్స్-జెనరిక్ ఇన్‌స్టాల్ చేశాను, దాని వెనకే డ్రైవర్ బిల్డ్ అయింది. రీబూట్ చేస్తే ఏమీ రాయకుండానే మామూలుగా వచ్చింది. నోమోడ్‌సెట్ తీసేయడానికి ఏం చేయాలి?

లాగ్‌చదువరి
ఏమీ చేయక్కర్లేదు, అది ఆ బూట్‌తోనే పోయింది. చూసుకోవాలంటే "క్యాట్ /ప్రోక్/సీఎండీలైన్" కొట్టండి. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్‌కి నిజంగా ఏ ఆప్షన్లు అందాయో అక్కడ ఉంటాయి.

ఈ ఫైలు ఇంకో రకంగా కూడా పనికొస్తుంది. కెర్నల్ తనకు తెలియని ఆప్షన్ వస్తే బూట్ ఆపదు, తప్పు రాశావని తెర మీద అరవదు. దాన్ని అలాగే ఇనిట్‌కి (మొదటి ప్రాసెస్‌కి) పంపేసి తన పని తాను చూసుకుంటుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆప్షన్ పనిచేయలేదనే అనుకుంటాం, కానీ అసలు అది అమలే కాలేదు. కొత్త కెర్నల్స్ అయితే డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్‌లో) "అన్‌నోన్ కెర్నల్ కమాండ్ లైన్ పారామీటర్స్" అని ఒక లైను రాస్తాయి. "అది పెట్టాను, ఉపయోగం లేదు" అని ఇక్కడ రాసే ముందు ఒకసారి అక్కడ చూడండి. ఇది అందరికీ.

మెరుపువేగం
అక్కా, నా ఏసీపీఐ=ఆఫ్ గురించి ఎవరూ ఏమీ అనలేదు. నాకు అది నిజంగానే పనిచేసింది.

లాగ్‌చదువరి
పనిచేసి ఉంటుంది, కాదనను. కానీ నాలుగూ ఒకేసారి పెడితే ఏది పనిచేసిందో నీకెలా తెలుసు? ఏసీపీఐ మొత్తం ఆపేస్తే బ్యాటరీ లెక్క పోతుంది, సస్పెండ్ పోతుంది, చాలా మెషీన్లలో కంప్యూటర్ ఆపినా పవర్ ఆగదు. ఇంటరప్ట్ సమస్య అని అనుమానమైతే ముందు నోఏపిక్ ఒక్కటే పెట్టి చూడు. కాకపోతే అది తీసేసి పీసీఐ=నోఏసీపీఐ. ఏసీపీఐ=ఆఫ్ అన్నిటికన్నా చివర. బూట్‌కి ఒక్క మార్పు. అప్పుడే దొరికినదాన్ని వెతకడానికి ఒక పేరుంటుంది, బగ్ రిపోర్టు రాయడానికీ పనికొస్తుంది.

మెరుపువేగం
సరే, ఈ వారాంతం ఒక్కొక్కటీ తీసి చూస్తా.

సగంబూట్
లోపలికి వెళ్ళాను! సులాగిన్ లైను పెట్టాక ఎంటర్ నొక్కగానే షెల్ వచ్చింది. నానోతో ఎఫ్‌స్టాబ్ తెరిచాను. ఆ డిస్క్‌వి రెండు లైన్లున్నాయి, ఒకటి /ఎంఎన్‌టీ/డేటా, ఇంకోటి స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం). "ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్" కొట్టి చూస్తే ఆ రెండు యూయూఐడీలూ ఇప్పుడున్న డిస్క్‌లో లేవు. రెండూ లెక్కలోకి రాకుండా వాటి ముందు హ్యాష్ గుర్తు (#) పెట్టి సేవ్ చేసి రీబూట్ చేశాను. డెస్క్‌టాప్ వచ్చింది. అందరికీ చాలా చాలా థాంక్స్.

ఒక్కటే మిగిలింది. బూట్ మొదట్లో, సిస్టమ్‌డీ లైన్లు మొదలవ్వకముందే అరనిమిషం ఆగుతోంది. స్ప్లాష్ తీసి చూస్తే "గేవ్ అప్ వెయిటింగ్ ఫర్ సస్పెండ్/రెజ్యూమ్ డివైస్" అని ఉంది.

పాతకెర్నల్
స్వాప్ ఆ డిస్క్ మీద ఉండేదన్నారు కదా, అదే. హైబర్నేట్ చేసినప్పుడు మెమరీ మొత్తం స్వాప్‌లో రాస్తారు. అందుకని ఇన్‌స్టాలర్ ఆ స్వాప్ యూయూఐడీని ఇనిట్ఆర్ఏఎంఎఫ్‌ఎస్‌లో (అసలు సిస్టమ్ కన్నా ముందు మెమరీలోకి వచ్చే చిన్న సిస్టమ్) కూడా రాసిపెట్టింది. ఎఫ్‌స్టాబ్ మార్చినా ఇనిట్ఆర్ఏఎంఎఫ్‌ఎస్ లోపల పాత నంబరే ఉంది. దాని కోసం 30 సెకన్లు చూసి వదిలేస్తోంది.

ముందు అదేనని తేల్చుకోండి. గ్రబ్‌లో 'ఈ' నొక్కి లైను చివర "నోరెజ్యూమ్" రాసి బూట్ చేయండి. ఆ అరనిమిషం పోతే రోగం అదే. అప్పుడు /ఈటీసీ/ఇనిట్ఆర్ఏఎంఎఫ్‌ఎస్-టూల్స్/కాన్ఫ్.డీ/రెజ్యూమ్ ఫైలులో "రెజ్యూమ్=నన్" అని పెట్టి (సమానం గుర్తుకి ముందుది పెద్ద అక్షరాలు, తర్వాతది చిన్నవి), "అప్‌డేట్-ఇనిట్ఆర్ఏఎంఎఫ్‌ఎస్ -యూ" కొట్టండి.

సగంబూట్
నోరెజ్యూమ్ పెడితే ఆగకుండా వెళ్ళింది. ఫైలు మార్చాను, ఇప్పుడు ఏమీ రాయకపోయినా ఆగడం లేదు.

టోపీవాలా
ఫెడోరా వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే: మా లైనులో క్వయట్ స్ప్లాష్‌కి బదులు "ఆర్‌హెచ్‌జీబీ క్వయట్" ఉంటుంది, రెండూ తీయాలి. పరీక్షించిన ఆప్షన్ నిజంగా శాశ్వతంగా కావాలంటే "గ్రబ్బీ --అప్‌డేట్-కెర్నల్=ఆల్ --ఆర్గ్స్=..." వాడండి ("ఆల్" పెద్ద అక్షరాల్లో). డెబియన్, ఉబుంటు వాళ్ళు /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్‌లో రాసి అప్‌డేట్-గ్రబ్ కొడతారు. గ్రబ్.సీఎఫ్‌జీని మాత్రం ఎవరూ చేత్తో మార్చొద్దు, తర్వాతి అప్‌డేట్‌లో తుడిచిపెట్టుకుపోతుంది.

రూట్ పాస్‌వర్డ్ మరిచిపోయి "ఆర్‌డీ.బ్రేక్" వాడేవాళ్ళు /సిస్‌రూట్‌ని ఆర్‌డబ్ల్యూగా రీమౌంట్ చేసి, క్రూట్ చేసి (అంటే దాన్నే రూట్ ఫోల్డర్‌గా చేసుకుని), పాస్‌వర్డ్ మార్చాక "టచ్ /.ఆటోరీలేబుల్" కొట్టడం మరవకండి. ఎస్‌ఈలినక్స్ లేబుళ్ళు (ఫైళ్ళ మీదుండే భద్రతా గుర్తులు) చెడితే కొత్త పాస్‌వర్డ్ సరైనదే అయినా లాగిన్ కానివ్వదు. ఆప్షన్ తాత్కాలికమే, కానీ ఆ షెల్‌లో ఫైళ్ళకి మీరు చేసిన మార్పులేవీ తాత్కాలికం కావు. రూట్‌గా రాసిన ప్రతి మార్పూ డిస్క్ మీద నిలిచిపోతుంది.

ఒంటిలైను
గ్రబ్ లేకుండా సిస్టమ్‌డీ-బూట్ వాడేవాళ్ళకి ఇదంతా ఎలా?

టోపీవాలా
ఇంకా తేలిక. మెనూ కనిపించకపోతే ఆన్ చేస్తూనే స్పేస్ బార్ నొక్కిపట్టుకోండి. ఎంట్రీ మీద 'ఈ' నొక్కితే ఆప్షన్ల లైను ఒక్కటే వస్తుంది, వెతుక్కునే పని లేదు. మార్చి ఎంటర్ కొడితే బూట్ అయిపోతుంది. ఎడిట్ రాకపోతే లోడర్.కాన్ఫ్‌లో "ఎడిటర్ నో" అని ఉందేమో చూడండి. కెర్నల్, ఇనిట్ఆర్‌డీ, ఆప్షన్లు అన్నీ ఒకే ఫైలుగా కట్టిన యూకేఐ వాడుతూ సెక్యూర్ బూట్ (సంతకం ఉన్నవాటినే లేవనిచ్చే ఫర్మ్‌వేర్ రక్షణ) ఆన్‌లో ఉంటే మాత్రం మీరు రాసింది పట్టించుకోదు. లోపలున్న ఆప్షన్లే వాడుతుంది.

గొళ్ళెం
చూశారా, అడ్డం పెట్టేది ఒకటుంది. 😀

సగంబూట్
చివరి ప్రశ్న. ఆ డిస్క్‌ని అప్పుడప్పుడు తెచ్చి పెడతాను. ఎఫ్‌స్టాబ్ లైను ముందున్న హ్యాష్ ప్రతిసారీ తీస్తూ పెడుతూ ఉండాలా?

లాగ్‌చదువరి
అక్కర్లేదు. /ఎంఎన్‌టీ/డేటా లైనులో "డీఫాల్ట్స్" పక్కన కామా పెట్టి "నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=5ఎస్" అని రాయండి, కామాల మధ్య ఖాళీ వదలకుండా. డిస్క్ ఉంటే మౌంట్ అవుతుంది. లేకపోయినా బూట్ ఆగదు. స్వాప్ లైనుకి మాత్రం హ్యాష్ అలాగే ఉంచండి, ఊడదీసే డిస్క్ మీద స్వాప్ ఎందుకు?

సేవ్ చేశాక రీబూట్ కొట్టే ముందు "ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై" నడపండి. ఎఫ్‌స్టాబ్‌లో అక్షరదోషాలుంటే అప్పుడే చెబుతుంది. డిస్క్ పెట్టి ఉన్నప్పుడు నడపండి, లేకపోతే యూయూఐడీ దొరకలేదని కూడా ఫిర్యాదు చేస్తుంది.